మార్ఫిన్ అలవాటైపోతుందని భయపడి నొప్పి భరించనివ్వకండి

ప్రశ్న: మా ఆయనకు 54 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో ఉంది, వెన్నెముకకూ పాకిందన్నారు. కీమో నడుస్తోంది. నడుం నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు గానీ, అలవాటైపోతాయేమోనని మరీ తట్టుకోలేనప్పుడే వేస్తున్నాను. తిండి సరిగా తినడం లేదు, బతిమాలితే విసుక్కుంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందు మాత్రల సంగతి చూద్దాం. మీ భయం నాకు అర్థమైంది, చాలా ఇళ్లలో ఇదే భయం, కానీ దానివల్ల ఆయన పడనక్కర్లేని నొప్పి పడుతున్నారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్‌ను నొప్పి ముదిరాక కాదు, ముదరకుండా, టైమ్ ప్రకారం వేయాలి. మామూలు మాత్రలైతే సాధారణంగా 4 గంటలకోసారి, నెమ్మదిగా పనిచేసే రకమైతే 12 గంటలకోసారి ఇస్తారు (ఈ రకాన్ని ఎప్పుడూ నలిపి ఇవ్వకూడదు). మీకు రాసింది ఏ రకమో రేపే ఫోన్ చేసి కనుక్కోండి, ఇన్నాళ్లూ తక్కువే వేస్తున్నానని కూడా దాచకుండా చెప్పండి, లేకపోతే మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచేస్తారు.

డాక్టరు చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడేవాళ్లలో అది వ్యసనంగా మారడం అరుదు. శరీరం అలవాటు పడే మాట నిజమే, అందుకే ఉన్నట్టుండి ఆపకూడదు. మొదట్లో మగత, వికారం ఉంటే కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, దానికి మందు మొదటి రోజు నుంచే వేయాలి. పిలిచినా లేవనంత మత్తుగా ఉన్నా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒక నోట్‌బుక్‌లో మాత్ర వేసిన టైమ్, అప్పుడు నొప్పి పదికి ఎంతుందో ఆయన్నే అడిగి రాయండి, డాక్టరుకు అది రిపోర్టులంత పనికొస్తుంది.

ఇంకో రెండు విషయాల్లో ఆలస్యం వద్దు. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి పట్టినా, మూత్రం రాకపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి, తెల్లారే దాకా ఆగితే నడక పోవచ్చు. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా బయల్దేరండి.

తిండి గురించి పోరు పెట్టకండి. ఈ జబ్బు ఆకలినే చంపేస్తుంది, బలవంతంగా తినిపించినంత మాత్రాన బరువు పెరగరు. అడిగినప్పుడు, అడిగినంత, కొద్దికొద్దిగా పెట్టండి. నొప్పి తగ్గితే ఆకలీ కాస్త మెరుగుపడొచ్చు, విసుగూ తగ్గొచ్చు.

పాలియేటివ్ కేర్ (నొప్పి, ఇతర బాధలు తగ్గించే వైద్యం) డాక్టరుకు చూపించమని మీరే అడగండి. ఇక చేసేదేమీ లేదన్నప్పుడు పంపే చోటు కాదది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఆ వైద్యం అందిస్తే బాధలు తగ్గడమే కాదు, ఎక్కువ కాలం బతికారు కూడా. అక్కడికి మీరూ వెళ్లండి, మీ నిద్ర గురించి, టెన్షన్ గురించి కూడా చెప్పండి, వాళ్లు మిమ్మల్నీ చూసుకుంటారు. వారానికి రెండు రాత్రులైనా ఆయన దగ్గర ఇంకెవరినైనా ఉంచి, మీరు వేరే గదిలో పడుకోండి.