డౌన్‌లోడ్ బాగానే ఉంది, అప్‌లోడ్‌తోనే గొడవ. రౌటర్ మార్చాలా?

డౌన్‌లోడ్ 300 ఎంబీపీఎస్ వస్తోంది, అప్‌లోడ్ 10 దాటదు, ఇండియాకి వీడియో కాల్ చేస్తే అవతలివాళ్లకి మీ మాట తెగిపోతోంది అన్నారు. రౌటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. డల్లాస్‌లో ఇదే గొడవకి నేను కొత్త రౌటర్ కొన్నాను, డబ్బు దండగ.

కేబుల్ ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ తక్కువ ఉండటం జబ్బు కాదు. కేబుల్ మొదట వేసింది టీవీ ఛానళ్లు ఇంటికి తేవడానికి. అమెరికాలో పాత పద్ధతి ప్రకారం ఇంటి నుంచి బయటికి పంపడానికి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల వరకే వాడతారు, 54 పైనదంతా లోపలికి వచ్చేదానికే. ఆ ఇరుకు దారిని చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకోవాలి. ఒక మోడెం (కేబుల్‌ని రౌటర్‌కి కలిపే పెట్టె) పంపేది ఇంకో మోడెంకి వినపడదు, అందుకని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పంపడానికి లేదు. మోడెం ముందు కంపెనీ వైపున్న సీఎంటీఎస్ అనే యంత్రాన్ని "ఇంత పంపాలి" అని అడుగుతుంది. ఎవరి వంతు ఎప్పుడో అది మ్యాప్ అనే పట్టికలో చెబుతుంది, కొన్ని మిల్లీసెకన్లకోసారి. ఇద్దరు ఒకేసారి అడిగితే రెండూ పోతాయి, కాసేపాగి మళ్లీ అడగాలి. టోకెన్ కోసం కూడా క్యూ అన్నమాట.

కాల్ తెగడం మాత్రం జబ్బే. బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టండి, చాలా మోడెంలకి పేజీ తెరుచుకుంటుంది. అందులో అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెం బయటికి పంపే సిగ్నల్ బలం, చూడండి. నాది 52 డీబీఎంవీ, లాగ్ నిండా టీ3 టైమవుట్లు, అంటే మోడెం పిలిచినా అటు నుంచి జవాబు లేదు. అంకె పెద్దదైతే సిగ్నల్ బాగున్నట్టే అనుకున్నాను. తీరా చూస్తే వ్యవహారం తలకిందులు: దారిలో సిగ్నల్ పోతోంది కాబట్టి మోడెం గొంతు చించుకుంటోంది.

టీవీ వెనక దుమ్ములో, మాకు ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిన నాలుగు దారుల స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని నాలుగుగా చీల్చేది) దొరికింది. మూడు దారులు ఖాళీ. అలాంటిది 7 డీబీ దాకా సిగ్నల్ మింగేస్తుంది. దాన్ని పీకేసి, రెండు కేబుళ్లనీ ఒక బ్యారెల్ కనెక్టర్‌తో కలిపి బిగించాను. పవర్ 45కి దిగింది, టీ3లు ఆగాయి.

మీ పవర్ నాకు చివర్లో వచ్చినట్టు మామూలుగానే ఉంటే, కాల్ సమయంలో ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ ఆపి చూడండి. ఆ 10 ఎంబీపీఎస్ దానికే చాలదు, మీ మాటలు దాని వెనక ఇరుక్కుంటాయి. అప్పటికీ తగ్గకపోతే తప్పు మీ ఇంట్లో లేకపోవచ్చు. ఎవరింట్లోనో లూజుగా ఉన్న కనెక్టర్‌లోంచి దూరిన నాయిస్ (పనికిరాని సిగ్నల్) కూడా కంపెనీకి వెళ్లే దారిలో కలిసి అందరి అప్‌లోడ్‌నీ చెడగొడుతుంది. టెక్నీషియన్‌ని పిలవండి. ఫోన్‌లో "నెట్ స్లో" అనకండి, మోడెం రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. పవర్ అంకె, టీ3ల సంఖ్య చదివి వినిపించండి.