మనుషులకి ఆవులు మొలిచిన బొమ్మ

ప్రశ్న: 1802 నాటి ఇంగ్లిష్ కార్టూన్ ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. మశూచి టీకా వేయించుకున్నవాళ్ల ఒంటి మీద ఆవులు మొలుస్తుంటాయి. బొమ్మ వేసినాయన టీకాకి వ్యతిరేకా? గోడ మీది పటంలో ఆవుదూడకి మొక్కుతున్నారు, అది మనల్ని వెక్కిరించడమేనా? (పాఠకురాలు, ఏలూరు)

జవాబు: మన ఊసే లేదండీ అందులో. ఆ దూడ బైబిల్లోది. మోషే సీనాయి కొండ మీద ఉండగా కింద జనం బంగారు దూడని పోతపోసి మొక్కారు, దేవుడికి కోపం వచ్చింది. ఆవు అనగానే మనకి గోమాత గుర్తొస్తుంది. లండన్ జనానికి ఆ పటం చూడగానే విగ్రహారాధన పాపం గుర్తొస్తుంది. అప్పటి టీకా మందు ఆవులకి వచ్చే పొక్కుల రసమే, దాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించడం దైవవిరుద్ధమని అప్పట్లో కొందరి వాదన. వ్యాక్సిన్ అనే మాట పుట్టిందే లాటిన్ ‘వక్కా’ నుంచి, అంటే ఆవు.

బొమ్మ వేసినాయన జేమ్స్ గిల్రే. మధ్యలో కుర్చీలో బిక్కచచ్చిన ఆడమనిషి, ఆమె చేతి మీద గాటు పెడుతున్న వైద్యుడు, ఈ టీకాని తెచ్చిన జెన్నర్, పక్కన రసం తొట్టి పట్టుకున్న పిల్లాడు. కుడివైపు గందరగోళమంతా టీకా పడ్డవాళ్లది. ఒకామెకి నోట్లోంచే ఆవు వస్తోంది! ఇక అసలు కీలకం బొమ్మ అడుగున ఉంది: ‘టీకా వ్యతిరేక సంఘం ప్రచురణలు చూడండి’ అని చిన్న అక్షరాల వరుస. అంటే ఇది వాళ్ల భయాలనే వెక్కిరిస్తూ కట్టిన బొమ్మ. పటంతో జెన్నర్ భక్తుల్నీ గిల్లాడనుకోండి, గిల్రే ఎవర్నీ వదిలే రకం కాదు. మీకొచ్చిన దాంట్లో ఆ వరుస ఉందో, కత్తిరించేశారో చూడండి. అది లేకపోతే వెక్కిరింపు కాస్తా పుకారైపోతుంది.

అన్నట్టు, బొమ్మ మీద తేదీ జూన్ 12. సరిగ్గా రెండు రోజులకి, జూన్ 14న, బాగ్దాద్, బస్రాల మీదుగా వచ్చిన రసంతో బొంబాయిలో మూడేళ్ల అన్నా డస్ట్‌హాల్‌కి టీకా పడింది. మన దేశంలో అదే మొదటిది.

ప్రశ్న: గిల్రే బొమ్మలాంటి ఎచింగ్ (లోహపు రేకు మీద గీతల్ని ఆమ్లంతో తినిపించి అచ్చు తీయడం) జింకు రేకు మీద చేస్తున్నాను. గీతలు తెగిపోతున్నాయి, అక్షరాలు తిరగబడుతున్నాయి. (విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: రేకుకి మైనం పూత పట్టించి సూదితో గీసినప్పుడు లోహం మెరుపు కనబడాలి. పూత అడుగున మిగిలిపోతే అక్కడ ఆమ్లం తినదు. నీళ్లు పది పాళ్లు, నైట్రిక్ ఆమ్లం ఒక పాలు. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పొయ్యాలి, గాలి ఆడే చోట, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలతో. గీతల మీద బుడగలు కడతాయి, వాటిని ఈకతో తుడుస్తూ ఉండండి. మీ గీతలు తెగేది చాలావరకు ఆ బుడగల వల్లే. కాగితం తడిపి, పైతడి అద్దేశాక ప్రెస్సులో పెట్టండి. పొడి కాగితం గాడిలోని సిరాని లాగదు. అక్షరాలు రేకు మీద తిరగేసే రాయాలి. ముందు ట్రేసింగ్ కాగితం మీద రాసుకుని బోర్లించి దింపుకోండి.

ప్రశ్న: ఆటలమ్మ పోస్తే డాక్టరు దగ్గరికి వెళ్లకూడదనే నమ్మకం మీద పోస్టర్ వేయాలి. అమ్మవారిని గీయొచ్చా? (ఆశా కార్యకర్త, నల్గొండ జిల్లా)

జవాబు: వద్దండీ. వేపమండ పెట్టుకున్న కన్నతల్లినీ నవ్వులపాలు చెయ్యకండి. పిల్లాడు ఎగఊపిరి పీలుస్తుంటే తాయెత్తు కట్టి డబ్బులు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి గీయండి. వాడు అనే మాట వాడి నోటి పక్కనే, బొమ్మ నడిమధ్యన రాయండి. అడుగున రాశారో, ఫోన్లో కత్తిరించేస్తారు.