చిన్నా, బయల్దేరే ముందు ఇది చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "అత్తయ్యా, నాన్న ఆర్వీ, అదే ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కొన్నాడు, దీపావళి అవగానే అమ్మని తీసుకుని టెక్సస్ వచ్చేస్తాడట, మార్చి దాకా అక్కడేనట" అంది. ఫోన్ పెట్టేశాక ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ముప్పై ఐదేళ్ళు ఆ అయోవా మంచు పారబోసిన చేతులు నీవి. ఈ చలికాలమైనా నాలుగు నెలలు ఎండలో కూర్చుంటావు. సంతోషం తీరాక మంచం ఎక్కితే మాత్రం నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో చెప్తే సగం విని "సరేలే అక్కా" అంటావు, అందుకని రాస్తున్నాను.

దారి సంగతి ముందు చెప్తాను, అది తేలిక. మీ డి మోయిన్ నుంచి 35 నంబరు హైవే ఎక్కితే శాన్ ఆంటోనియో దాకా అదే దారి. అక్కడి నుంచి 281 మీద కిందికి దిగితే మెక్సికో సరిహద్దు పక్కనున్న మా రియో గ్రాండే వ్యాలీకి వచ్చేస్తారు. మొత్తం 1200 పైచిలుకు మైళ్ళు. నాలుగు రోజులు పెట్టుకోండి, ఐదైనా తప్పులేదు. గంటకి 60 దాటొద్దు. బండి ఎత్తు ఎన్ని అడుగులో కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించు. చీకటి పడకముందే ఆగిపో. టైర్లలో గాలి రోజూ పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడు. మార్చిలో తిరిగి వెళ్ళేటప్పుడు ఫాల్‌ఫ్యూరియస్ దగ్గర సరిహద్దు కాపలా చూసే బోర్డర్ పెట్రోల్ వాళ్ళు ప్రతి బండినీ ఆపుతారు. పాస్‌పోర్టులు సూట్‌కేసు అడుగున కాదు, చేతికందేలా పెట్టుకోండి. మనకి పౌరసత్వం ఉంది కదా అని ధీమాగా వెళ్ళి, కాగితం కోసం రోడ్డు పక్కన పెట్టెలన్నీ విప్పాల్సివస్తే ఆ టెన్షన్ నీ బీపీకి మంచిది కాదు.

మెడికేర్ ఆరోగ్య బీమా సంగతి ప్లాను మార్చుకునే గడువులోనే, అంటే అక్టోబరు 15, డిసెంబరు 7 మధ్యే తేల్చుకో. నీది అడ్వాంటేజ్ ప్లానులో హెచ్ఎంఓ రకమైతే, మీ ఊరి డాక్టర్ల దగ్గరే చెల్లుతుంది. ఇక్కడ ఎమర్జెన్సీ తప్ప మామూలు చూపులకి చెల్లకపోవచ్చు. ఫోన్ చేసి కనుక్కుని, వాళ్ళేమన్నారో రాసి పెట్టుకో. మూడు నెలలకి సరిపడా మందులు తెచ్చుకోండి. మందులంటే గుర్తొచ్చింది. ఇక్కడ జనవరి వచ్చిందంటే తోటలున్న వాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ సంచులు సంచులు తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. కోస్తే లోపల కుంకుమ రంగు, చెయ్యంతా రసం. నువ్వు కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నావు. కొన్ని రకాల మాత్రలకి ఈ పండు పడదు, మందు ఒంట్లో ఎక్కువైపోతుంది. డాక్టర్ని అడక్కుండా ఒక్క తొన కూడా నోట్లో పెట్టొద్దు. మీ బావగారు ఆ పండు ప్రాణమన్నా మానేశారు, నారింజలతో సరిపెట్టుకున్నారు.

మరదలికి చెప్పు, కరివేపాకు కుండీ తీసుకురావద్దని. నాకు తెలుసు, అది ఆవిడ పెంచుకున్న బిడ్డ. కానీ నిమ్మ జాతి చెట్లని చంపేసే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. 2012లో ఆ తెగులు ఈ వ్యాలీలోనే బయటపడింది. ఆ మొక్కని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడానికి కట్టుబాట్లున్నాయి. చుట్టూ ఉన్న రైతులు ఆ చెట్ల మీదే బతుకుతున్నారు. ఎండబెట్టిన ఆకు డబ్బాలో వేసుకుని రమ్మను.

ఆర్వీలు నిలుపుకునే ఈ పార్కులో రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్తాను, లేకపోతే వచ్చిన వారానికే నీకు ఏం తోచదు. తెల్లారకముందే చాచలాకాలు అరుస్తాయి. కోడంత పిట్టలు, చెట్టు మీద గుంపుగా కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి గొంతు చించుకుంటాయి. అలారం అక్కర్లేదు. ఆరున్నరకి అందరూ నడకకి బయటికొస్తారు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ చెయ్యెత్తుతారు. నువ్వూ ఎత్తు, తల దించుకుని పోకు. ఎనిమిదింటికి హాల్లో కాఫీ. షఫుల్‌బోర్డు, పికిల్‌బాల్, చెక్క చెక్కడం, బొంతలు కుట్టడం, దేనికి కావాలంటే దానికి పోవచ్చు. వారానికి ఒక రాత్రి గిటార్లు, ఫిడేళ్ళు పట్టుకొచ్చి పాడుకుంటారు. మీ బావగారికి ఒక్క పాట తెలియకపోయినా మొదటి వరసలో కుర్చీ వేసుకునేవారు. పాట్‌లక్‌కి, అదే తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే భోజనాలకి, మొదటిసారి నేను పులిహోర తీసుకెళ్తే గిన్నె అడుగు కనపడింది. ఇప్పుడు నవంబరులో నన్ను చూడగానే అడిగేది అదే. కందిపప్పు, చింతపండు, ఆవకాయ దండిగా తెచ్చుకోండి.

పళ్ళ పని ఉంటే ప్రోగ్రెసో వంతెన దాటి మెక్సికోలోకి నడిచి వెళ్ళి చేయించుకునే వాళ్ళు చాలామంది. చెడ్డదని కాదు. అక్కడ మెడికేర్ చెల్లదని మాత్రం గుర్తుపెట్టుకో.

పార్కులో బండికిచ్చే కరెంటు 30 ఆంపియర్లదైతే మొత్తం 3600 వాట్లే. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కుక్కర్ రెండూ పెడితే బ్రేకర్ పడిపోతుంది. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు. మూడొంతుల్లో రెండొంతులు నిండాకే తెరవాలి. ముందు అది, తర్వాత స్నానం నీళ్ళ ట్యాంకు, అప్పుడే పైపు శుభ్రమవుతుంది. ఇవన్నీ నువ్వు ఇప్పటికే వీడియోల్లో చూసుంటావు.

వీడియోల్లో దొరకనిది ఒకటుంది. అసలు అది చెప్పడానికే కూర్చున్నాను.

2021 ఫిబ్రవరి. కరోనా ఏడాది. కెనడా వాళ్ళకి సరిహద్దు మూసేశారు, పార్కు సగం ఖాళీ. మేం మినెసోటా మంచు తప్పించుకుని హాయిగా ఉన్నామనుకుంటున్నాం. పద్నాలుగో తారీఖు, ఆదివారం. మీ బావగారికి రెండ్రోజుల ముందే నడుం పట్టేసింది. పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలన్నా నేను పట్టుకోవాలి. ఆ రాత్రి ఉత్తరం గాలి మొదలైంది. తెల్లవారుజామున కరెంటు పోయింది. ఆ చలి తుఫానుకి కరెంటు పోయి టెక్సస్‌లో ఏమైందో నువ్వు టీవీలో చూసే ఉంటావు.

మా ఆర్వీ బండిలో హీటరు గ్యాసుతో నడుస్తుంది. కానీ ఆ వేడిని గదిలోకి తోసే ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీద. బండి ఎప్పుడూ కరెంటుకి తగిలించే ఉండేది కాబట్టి బ్యాటరీని ఎవరూ పట్టించుకోలేదు. అందులో నీళ్ళు ఎండిపోయాయి. గంట గడిచిందో లేదో ఫ్యాను మూలిగి ఆగిపోయింది. ట్రక్కు తెచ్చి బండి ముందు కేబుల్ తగిలిస్తే బ్యాటరీకి ప్రాణం వచ్చేది. ఆయన మంచం మీద నుంచి చెప్తూనే ఉన్నారు, "ఏడు పిన్నుల ప్లగ్గు, కుడి పక్కన ఉంటుంది చూడు" అని. నాకు కారు నడపడం వచ్చు. ఆ ట్రక్కు ఏడేళ్ళలో ఒక్కసారి నడపలేదు. లోపలి పని నాది, బయటి పని మీది అని మొదటి ఏడాదే గీత గీసింది నేనే. ఆయన నేర్పుతానంటే "నాకెందుకండీ" అన్నదీ నేనే. చీకట్లో, ఆ గాలిలో బయటికి వెళ్ళి, ఏది ఎక్కడుందో తెలియక, వేళ్ళు కొంకర్లు పోయి తిరిగొచ్చేశాను.

వచ్చి పొయ్యి వెలిగించాను. రెండు బర్నర్లూ. తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కాను. కప్పు మీది గాలి కిటికీలో దిండు కూరాను. కాసేపటికి వెచ్చబడింది. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిన చోట గోడకి రెండు మేకుల గుర్తులే ఉన్నాయి. డిసెంబరు నుంచి అది నిమిషానికోసారి కూస్తుంటే నిద్ర పట్టక, ఊడదీసి, బ్యాటరీ తీసేసి, గరిటెల సొరుగులో పోపుల డబ్బా పక్కన పెట్టాను. దాని ఆయువు తీరిపోయిందని చెప్పడానికే అది అలా కూసిందట. నాకు తెలియదు. ఆయనకి చెప్పనూ లేదు.

తల బరువెక్కింది. చలికనుకున్నాను. వికారం పెట్టింది. భయానికనుకున్నాను. గ్యాసు వాసన వస్తుందేమోనని రెండుసార్లు వంగి చూశాను. రాలేదు. వాసన వచ్చేది గ్యాసు లీకైతే. మంటకి గాలి చాలక పుట్టే ఈ కార్బన్ మోనాక్సైడ్ విషానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. మీ బావగారు కళ్ళు తెరిచి, "అమ్మ వచ్చిందా? ఎడ్లకి నీళ్ళు పెట్టారా?" అన్నారు. నేను నవ్వి దుప్పటి సర్దాను. నవ్వాను, చిన్నా. అది తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

తెల్లారగానే ఎదురు బండిలో ఉండే పెద్దాయన, మీ అయోవా రైతే, ప్రతి తలుపూ తట్టుకుంటూ వచ్చాడు. నేను తలుపు తీయలేదట. లాగి తెరిచి, పొయ్యి ఆర్పి, నన్ను రెక్క పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చాడట. నాకు గుర్తున్నది ఒక్కటే, మొహానికి తగిలిన ఆ చల్లగాలి. ఆస్పత్రిలో ఇద్దరికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. నర్సు "ఇంకో గంట అయ్యుంటే" అని, మా మొహాలు చూసి ఆపేసింది.

నువ్వు పుట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బాపట్లలో, పుష్యమాసం. అమ్మ మంచం కింద కుంపటి పెట్టి, గది తలుపు దగ్గర నన్ను కూర్చోబెట్టింది అమ్మమ్మ. "తలుపు ఓరగా ఉంచవే, మూశావంటే కుంపటి మనిషిని మింగేస్తుంది" అని పోతూ వస్తూ చెప్పేది. నీ మీద చలిగాలి పడుతుందని నాకు బెంగ. అయినా మూయలేదు. నా కాలు అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని, నీ ఎర్రటి అరికాళ్ళు చూస్తూ. ఎనిమిదేళ్ళప్పుడు తెలిసిన సంగతి డెబ్బై దగ్గర పడ్డాక మర్చిపోయాను. పొయ్యి ఇనుముది, కింద గ్యాసు, అంతే తేడా. కుంపటి కుంపటే.

ఆ మార్చిలో మీ బావగారు నడుం కుదుటపడగానే మడత కుర్చీ బయట వేసుకుని కూర్చున్నారు. "రా, ఇవాళ ప్లగ్గు" అన్నారు. ఆ తర్వాత రెండు చలికాలాలు ఆయన చెప్పడం, నేను చేయడం. బండి తగిలించడం, విప్పడం, వెనక్కి తోయడం, బ్యాటరీలో నీళ్ళు పోయడం, సిలిండరు మార్చడం. మొదటిసారి మొక్కలేవీ తొక్కకుండా బండిని చోటులోకి వెనక్కి పెట్టినప్పుడు ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నడుం నొప్పిగా ఉన్నా. 2023లో ఆయన పోయాక ఆ బండిని మినెసోటా దాకా నేనే నడుపుకుంటూ తీసుకెళ్ళాను. దాన్ని అమ్మేసి, ఈ పార్కులోనే చిన్న కదలని ఇల్లు కొనుక్కున్నాను. ఆ అయోవా పెద్దాయన కూడా ఇప్పుడు లేడు. ఆయన భార్య ఉంది. వచ్చాక తీసుకెళ్తాను, ఆవిడకి దణ్ణం పెట్టండి ఇద్దరూ.

అందుకని, చిన్నా, నీ మీద కోపంగానే అడుగుతున్నాను. పెద్దమ్మాయి చెప్పింది, బండి కొనేటప్పుడు మరదల్ని వంటిల్లు మాత్రం చూసుకోమన్నావట. డీలరు గంటన్నర అన్నీ చూపిస్తుంటే ఆవిడ లోపల అలమరలు కొలుచుకుంటూ ఉందట. మళ్ళీ వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి. అడిగితే మళ్ళీ చూపిస్తారు. ఆవిడ నాలాగే "నాకెందుకండీ" అంటుంది. ఒప్పుకోకు. నీకు నడుం పట్టదా? నీకు జ్వరం రాదా? ఆవిడకి ఈ పనులు రాకపోతే ఆ రాత్రి మీ ఇద్దరికీ ఎవరున్నారు? అలాగే పోపు ఎక్కడుందో, ఆవిడ థైరాయిడ్ మాత్ర ఏ వేళకి వేసుకుంటుందో నీకు తెలియాలి.

బండిలో ఉన్న అలారం వెనక్కి తిప్పి తయారీ తేదీ చూడు. ఐదేళ్ళకో, ఏడేళ్ళకో, రకాన్ని బట్టి పదేళ్ళకో దాని పని అయిపోతుంది, ఎంతన్నది దాని మీదే ఉంటుంది. కొత్తది ఒకటి నేను కొని ఉంచాను, నా బల్ల మీద ఉంది. మీరు వచ్చేదాకా ఆగకుండా అక్కడ ఇంకొకటి కొనుక్కో, పడక దగ్గర పెట్టు. రెండుంటే నష్టం లేదు.

మా ఇంటి ఎదురు చోటు మీ పేర మాట్లాడాను. నెల అద్దె ఒకటి, కరెంటు మీటరు వేరే. నారింజ చెట్టు నీడ మధ్యాహ్నం మీ తలుపు మీద పడుతుంది.

బయల్దేరే ముందు ఆదివారం వీడియో కాల్ చేయండి. మరదలు ఒక్కతే బండి తగిలించి, విప్పి నాకు చూపించాలి. నువ్వు పక్కన నిలబడు, చెయ్యి మాత్రం పెట్టకు.

నీ అక్క