మోడల్ క్రియ పక్కన ‘ప్రాబబ్లీ’ స్థానం

‘దట్’ వల్లే అసహజంగా ఉందేమోనని మీరు అనుకుంటున్న ‘ఐ థింక్ దట్ షీ ప్రాబబ్లీ విల్ కమ్’ (ఆమె బహుశా వస్తుందనుకుంటున్నాను) అనే ఇంగ్లీషు వాక్యం వ్యాకరణపరంగా పూర్తిగా తప్పు కాకపోయినా, అసహజంగా వినిపించడానికి కారణం ‘దట్’ కాదు, ‘ప్రాబబ్లీ’ ఉన్న చోటు.

1. ‘దట్’ తర్వాత వచ్చే ఉపవాక్యంలోనూ ప్రధాన వాక్యంలోని వరుసే పాటించండి: కర్త, మోడల్ క్రియ (‘విల్’, ‘కెన్’, ‘మే’ వంటి సహాయక క్రియ), క్రియావిశేషణం (ఇక్కడ ‘ప్రాబబ్లీ’), ప్రధాన క్రియ. అప్పుడు ‘షీ విల్ ప్రాబబ్లీ కమ్’ అవుతుంది.

2. చాలామంది గమనించనిది వ్యతిరేకార్థక రూపం. ‘వోంట్’ అని కుదించి రాసినప్పుడు ‘ప్రాబబ్లీ’ దాని ముందుకు వచ్చి ‘ఐ థింక్ దట్ షీ ప్రాబబ్లీ వోంట్ కమ్’ అవుతుంది. ‘విల్’, ‘నాట్’ విడిగా ఉంటే మాత్రం ఆ రెండింటి మధ్య నిలిచి ‘విల్ ప్రాబబ్లీ నాట్ కమ్’ అవుతుంది. ఈ సూత్రాన్ని ‘ఆల్వేస్’కు వర్తింపజేయకండి, ఎందుకంటే ‘షీ కాంట్ ఆల్వేస్ కమ్’ అంటే ప్రతిసారీ రావడం కుదరదని మాత్రమే అర్థం; ‘ఆల్వేస్’ను ‘కాంట్’ ముందుకు తెస్తే ఆ అర్థం మారిపోతుంది.

3. రెండు సహాయక క్రియలుంటే సాధారణంగా మొదటిదాని తర్వాత ఉంచండి: ‘బికాజ్ షీ మే ఆల్రెడీ హావ్ లెఫ్ట్’.