పెట్టె లేని స్పీకర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బేస్ నుంచి ట్రెబుల్ వరకు అన్ని స్వరాలనూ ఒక్కటే పలికే ఫుల్ రేంజ్ డ్రైవర్‌ను (స్పీకర్ యూనిట్‌ను) వెనక పెట్టె లేకుండా చెక్క పలకకు బిగించి వినే ఓపెన్ బాఫిల్ స్పీకర్ల గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: ఎనిమిది అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్ల జత నా దగ్గర ఉంది. పలక వెడల్పు 40 సెంటీమీటర్లు చాలునని ఒకరు, మీటరైనా ఉండాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీకు ఎంత లోతు వరకు బేస్ కావాలో తేల్చుకుంటే ఆ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. కోన్, అంటే డ్రైవర్‌లో కదిలే గరాటు ఆకారపు పొర, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక ఉన్న గాలి పలచబడుతుంది. ఈ రెండు తరంగాలూ సరిగ్గా ఒకదానికొకటి వ్యతిరేకం కనుక, వెనకది పలక అంచును చుట్టి ముందుకు వచ్చి కలిసినప్పుడు రెండూ రద్దవుతాయి. అలా చుట్టి రావడానికి పట్టే దూరంతో పోలిస్తే తరంగదైర్ఘ్యం ఎంత ఎక్కువైతే రద్దు అంత పూర్తిగా జరుగుతుంది. బేస్ మాత్రమే మాయమై, గొంతు, తీగ వాయిద్యాలు నిక్షేపంగా వినపడటానికి కారణం ఇదే.

లెక్క కష్టమైనది కాదు. 50 సెంటీమీటర్ల వెడల్పు పలక మధ్యలో డ్రైవర్ ఉంటే అంచు వరకు దూరం సుమారు 25 సెంటీమీటర్లు. ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు 343 మీటర్లను, ఈ దూరానికి ఆరు రెట్లతో భాగిస్తే దాదాపు 230 హెర్ట్జ్ వస్తుంది. అక్కడి నుంచి కిందికి పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ చొప్పున ధ్వని తగ్గిపోతుంది. 115 హెర్ట్జ్ దగ్గర 6, 57 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ పోయినట్లే. మీటరు వెడల్పు తీసుకుంటే ఈ పతనం 115 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 60 హెర్ట్జ్ వరకు పలక వల్ల ఏ నష్టమూ ఉండకూడదని పట్టుబట్టేవారికి దాదాపు రెండు మీటర్ల వెడల్పు కావాలి. ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే అభ్యంతరం ఏముంది!

పలక పాదం నేలను ఆనుకుని ఉంటే కింది నుంచి తరంగం చుట్టి రాలేదు కాబట్టి డ్రైవర్‌ను మరీ ఎత్తున పెట్టకపోవడం వల్ల కొంత లాభం ఉంటుంది. అంచులకు వెనకవైపుగా 10 నుంచి 15 సెంటీమీటర్ల రెక్కలు బిగిస్తే దారి పెరుగుతుంది. అంతకన్నా లోతుగా పోతే వెనక ఒక గూడు ఏర్పడి, ఆ గూటికి సొంత అనునాదం వచ్చి, మగవారి గొంతు డొల్లగా వినపడటం మొదలవుతుంది.

ఒక హెచ్చరిక: డ్రైవర్‌ను నట్టనడుమ పెట్టకండి. వెనక తరంగం రద్దు చేయడమే కాదు, కొంత పై పౌనఃపున్యాల దగ్గర కలిసివచ్చి ధ్వనిని పెంచుతుంది కూడా. మన ఉదాహరణలో ఆ గుబ్బ 690 హెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది, దానికి రెట్టింపు పౌనఃపున్యం దగ్గర గుంట పడుతుంది. అన్ని అంచులూ సమదూరంలో ఉంటే గుబ్బ, గుంట రెండూ తీవ్రంగా ఉంటాయి. ఒక పక్కకు 20, మరో పక్కకు 30, పైకి 37 సెంటీమీటర్లు ఉండేలా జరిపితే ప్రభావం చెదిరిపోయి ధ్వని నునుపెక్కుతుంది. రెండో పలకను దీనికి అద్దంలో ప్రతిబింబంలా కోయించాలన్నది మరిచిపోకూడదు.

ప్రశ్న: పెద్ద అయస్కాంతం ఉన్న మంచి డ్రైవర్లు కొన్నాను. క్యూటీఎస్ 0.25 అని కాగితం మీద ఉంది. పలక వెడల్పుగానే ఉన్నా బేస్ అసలు లేదు. డ్రైవర్లలో లోపమా?

జవాబు: లోపం లేదు, జోడీ కుదరలేదు. క్యూటీఎస్ అనేది కోన్ ఊపును డ్రైవర్ తనంతట తాను ఎంత బలంగా అదుపు చేస్తుందో చెప్పే సంఖ్య. అయస్కాంతం బలమైనకొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది. డ్రైవర్ అనునాద పౌనఃపున్యం (కోన్ తనంతట తానుగా ఊగడానికి మొగ్గే పౌనఃపున్యం) దగ్గర ధ్వని స్థాయి ఎంత ఉంటుందో కూడా ఇదే నిర్ణయిస్తుంది. క్యూటీఎస్ 1 అయితే అక్కడ నష్టం లేదు, 0.7 అయితే 3 డెసిబెల్స్, 0.25 అయితే 12 డెసిబెల్స్ తగ్గుతుంది. మీ డ్రైవర్ అనునాదం 45 హెర్ట్జ్ అనుకుందాం. 50 సెంటీమీటర్ల పలక అక్కడ సుమారు 14 డెసిబెల్స్ తీసేస్తుంది. పలకా డ్రైవరూ కలిసి మొత్తం 26 డెసిబెల్స్ మింగేశాక చెవికి మిగిలేది ఏమీ ఉండదు. ఇలాంటి డ్రైవర్లను హార్న్ పెట్టెల కోసం తయారు చేస్తారు, అక్కడ అవి బ్రహ్మాండంగా పలుకుతాయి.

ఓపెన్ బాఫిల్‌కు 0.7, ఆపైన క్యూటీఎస్ ఉన్న డ్రైవర్లు కావాలి. వెనకవైపు తెరిచి ఉండే పాతకాలపు వాల్వ్ రేడియోలలో వాడిన చిన్న అయస్కాంతాల స్పీకర్లు ఈ పనికి తరచూ బాగా నప్పడం అందుకే. కొనేటప్పుడు అయస్కాంతం బరువు చూసి మురిసిపోవడం ఈ విషయంలో పనికిరాదు.

ఉన్నవాటితోనే ప్రయత్నించాలంటే డ్రైవర్‌కు వరుసలో (సిరీస్‌లో) ఒక రెసిస్టర్ పెట్టి చూడండి. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) నిరోధం 6.5 ఓమ్‌లు, క్యూటీఎస్‌లో భాగాలైన విద్యుత్ క్యూ 0.27, యాంత్రిక క్యూ 3.5 అయితే, మరో 6.5 ఓమ్‌లు చేర్చగానే విద్యుత్ క్యూ రెట్టింపై మొత్తం క్యూటీఎస్ సుమారు 0.47కు చేరుతుంది. దీనికి మూల్యం ఉంది: మధ్య స్వరాల స్థాయి దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, శక్తిలో సగం రెసిస్టర్‌లో వేడిగా పోతుంది కనుక కనీసం 10 వాట్ల రెసిస్టర్ వాడాలి. ఇంపెడెన్స్ (పౌనఃపున్యాన్ని బట్టి మారే విద్యుత్ నిరోధం) పెరిగే చోటల్లా ధ్వని కూడా పెరుగుతుంది కాబట్టి బేస్‌తో పాటు ట్రెబుల్ కూడా కొంత లేస్తుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువగా ఉండే వాల్వ్ ఆంప్లిఫయర్ రెసిస్టర్ అవసరం లేకుండానే ఇదే పని చేస్తుంది. అదే స్పీకర్ ఒకరింట్లో నిండుగా, మరొకరింట్లో పీలగా వినపడిందని గొడవపడే మిత్రులు ముందు ఆంప్లిఫయర్లను పోల్చుకోవాలి.

ప్రశ్న: 25 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ వాడాను. గొంతు ఎందుకో గొట్టంలోంచి వచ్చినట్లుంది.

జవాబు: రంధ్రాన్ని వెనక నుంచి చూడండి. డ్రైవర్‌ను ముందు నుంచి బిగించినప్పుడు, బుట్ట ఆకారంలో ఉండే చట్రం కిటికీలు చాలావరకు పలక మందంలోనే ఇరుక్కుపోతాయి. కోన్ వెనక నుంచి వచ్చే గాలికి చట్రానికీ చెక్కకూ మధ్య వేలు కూడా దూరని సందు తప్ప దారి లేకపోతే మీరు చెప్పిన ధ్వనే వస్తుంది. డ్రైవర్ తీసి, రంధ్రం వెనక అంచును చుట్టూ 45 డిగ్రీల వాలుగా చెక్కండి. రూటర్ (చెక్కను తొలిచే యంత్రం) లేకపోయినా ముతక ఆకురాయితో ఓపికగా చేయవచ్చు. స్క్రూలు పట్టే చోట్ల మాత్రం చెక్కను పూర్తి మందంతో వదిలేయాలి, లేదంటే డ్రైవర్ బరువుకు అవి ఊడివస్తాయి.

18 మిల్లీమీటర్ల మందం సాధారణంగా చాలు. మందం పెంచడం కన్నా వెనకవైపు నిలువుగా ఒక పట్టీని, మధ్యలో కాక కాస్త పక్కకు, అంటించడం మేలు. 1950లలో ఇంగ్లండ్‌లోని వార్ఫ్‌డేల్ సంస్థ రెండు పలకల మధ్య ఇసుక నింపి బాఫిల్ చేసేది. కంపనాన్ని అణచడానికి అది నేటికీ మంచి పద్ధతే, కానీ మోసేవారిని ముందే చూసుకోండి.

ప్రశ్న: ఆడవారి గొంతు, వయొలిన్ గట్టిగా వచ్చినప్పుడు చెవిలో గుచ్చినట్లుంటోంది. బేస్ మాత్రం ఫరవాలేదు. ట్రెబుల్ తగ్గిస్తే సంగీతం చచ్చిపోతోంది.

జవాబు: ట్రెబుల్ నాబ్ ఈ రోగానికి మందు కాదు, ఎందుకంటే బాధ పెడుతున్నది ట్రెబుల్ అంతా కాదు. చాలా ఫుల్ రేంజ్ డ్రైవర్లలో కోన్, దాని మధ్యలో ఉండే చిన్న విజర్ కోన్ విడివిడిగా కంపించడం మొదలుపెట్టే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ధ్వని స్థాయి ఉబ్బుతుంది. ముందు ఖర్చు లేని పని చేయండి. ఎనిమిది అంగుళాల కోన్ పనిచేసే వ్యాసం సుమారు 17 సెంటీమీటర్లు. 2 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం కూడా అంతే కనుక, అక్కడి నుంచి పైకి ధ్వని టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పోతుంది. పలకలను మీవైపు సూటిగా తిప్పకుండా 10, 15 డిగ్రీలు పక్కకు చూసేలా పెట్టి వారం రోజులు వినండి. సగం మందికి అంతటితో తీరిపోతుంది.

తీరకపోతే కొలవాలి. కొలిచే మైకు ఒకటి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే గుబ్బ ఎక్కడుందో తెలుస్తుంది. అది 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే 0.33 మిల్లీహెన్రీల కాయిల్, 8.2 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ఒక రెసిస్టర్, ఈ మూడింటినీ పక్కపక్కన (పారలల్‌గా) కలిపి, ఆ కట్టను డ్రైవర్‌కు వరుసలో పెట్టాలి. రెసిస్టర్ విలువ పెరిగేకొద్దీ కోత లోతవుతుంది. 4.7 ఓమ్‌లతో మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. ఇతరుల డ్రైవర్‌కు చేసిన సర్క్యూట్‌ను కొలవకుండా నకలు చేయడం మాత్రం వద్దు. మైకును కోన్‌కు ఆనించి కొలిచిన గ్రాఫు చూసి బేస్ ఉందని సంతోషించడం కూడా పొరపాటే, అంత దగ్గర పలక అంచు నుంచి వచ్చే రద్దు కనపడదు.

ప్రశ్న: గది చిన్నది. పలకలను గోడకు ఆనించవచ్చా?

జవాబు: కూడదు. వెనక వచ్చే ధ్వని ముందు ధ్వనికి వ్యతిరేకమని చెప్పుకున్నాం. గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో అది వెంటనే తిరిగివచ్చి బేస్‌ను మరింత రద్దు చేస్తుంది, మధ్య స్వరాలను బురదబురద చేస్తుంది. మీటరు దూరం ఇస్తే తిరిగి రావడానికి సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది, అప్పుడు చెవి దాన్ని గది విశాలతగా గ్రహిస్తుంది. పక్క గోడల విషయంలో మీకు అంత దిగులు అక్కర్లేదు. పలక అంచుల దిశలో రెండు తరంగాలూ రద్దవుతాయి కాబట్టి అటువైపు చాలా తక్కువ ధ్వని పోతుంది. మీటరు దొరకదంటే మూసిన పెట్టె కట్టుకోవడమే మీకు ఉత్తమం.

ప్రశ్న: ఫుల్ రేంజ్‌కు తోడుగా 15 అంగుళాల వూఫర్‌ను (బేస్ కోసమే వాడే డ్రైవర్‌ను) చేర్చాలనుకుంటున్నాను. ఒకే డ్రైవర్ అందం పోతుందని కొందరు వారిస్తున్నారు.

జవాబు: వారించేవారి మాట పక్కన పెట్టండి. పెట్టె లేనప్పుడు ఒకే స్థాయి బేస్ కోసం పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ కోన్ ఎనిమిది రెట్లు ఎక్కువగా కదలాలి. ఎనిమిది అంగుళాల ఫుల్ రేంజ్ కోన్ తరచూ ఇటు ఒక మిల్లీమీటరు, అటు ఒక మిల్లీమీటరు కదలడానికే తయారై ఉంటుంది. 50 సెంటీమీటర్ల పలక మీద ఆ ఒక్క మిల్లీమీటరుతో 80 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో సుమారు 82 డెసిబెల్స్ వస్తే, 40 హెర్ట్జ్ దగ్గర 64 మాత్రమే వస్తాయి. అది మామూలు సంభాషణ స్థాయి. 15 అంగుళాల కోన్ వైశాల్యం దీనికి నాలుగు రెట్లు, కదలిక ఇంకా ఎక్కువ. పైగా బేస్ భారం దిగిపోయిన చిన్న కోన్ గొంతును మరింత స్పష్టంగా పలుకుతుంది. నా మటుకు ఓపెన్ బాఫిల్‌లో అసలైన అందం ఈ జోడీలోనే ఉంది.

రెండింటినీ 200 హెర్ట్జ్ ప్రాంతంలో విడదీయండి. వూఫర్‌కు వేరే ఆంప్లిఫయర్, దాని ముందు యాక్టివ్ క్రాసోవర్ (ఆంప్లిఫయర్‌కు ముందే బేస్‌ను, మిగతా స్వరాలను విడదీసే సర్క్యూట్) ఉంటే స్థాయిని, పతనానికి కావలసిన సవరణను విడిగా దిద్దుకోవచ్చు. లింక్‌విట్జ్–రైలీ క్రాసోవర్‌కు పేరిచ్చినవారిలో ఒకరైన జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ తన ఓరియాన్, ఎల్‌ఎక్స్521 స్పీకర్లలో ఈ దారినే నడిచారు. ఫుల్ రేంజ్‌కు కేవలం 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 8 ఓమ్‌లకు 200 హెర్ట్జ్ అని లెక్క వస్తుంది గానీ, అనునాదం దగ్గర ఇంపెడెన్స్ ఎన్నో రెట్లు లేస్తుంది కాబట్టి అక్కడ కెపాసిటర్ అనుకున్నట్లు ఆపదు.

తీగలు సరిగ్గా కలిశాయో లేదో తేల్చుకోవడానికి 200 హెర్ట్జ్ ధ్వనిని వినిపిస్తూ వూఫర్ తీగలను ఒకసారి అటూ ఇటూ మార్చండి. ఒక పద్ధతిలో ధ్వని గణనీయంగా పడిపోవాలి, రెండోది సరైన పద్ధతి. రెండింటికీ తేడా వినపడకపోతే క్రాసోవర్ అమరికలో ఎక్కడో తప్పుంది.

ప్రశ్న: ఎల్పీ రికార్డులు పెట్టినప్పుడు కోన్ కంటికి కనపడేలా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. శబ్దం మాత్రం ఏమీ లేదు. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే రికార్డు కాస్త వంగి ఉన్నా సూది సెకనుకు ఒక్కసారి కన్నా తక్కువ నుంచి కొన్నిసార్ల వరకు లేచి పడుతుంది, ఆ కదలిక అంతా ఆంప్లిఫయర్ గుండా కోన్‌కు చేరుతుంది. మూసిన పెట్టెలో లోపలి గాలి స్ప్రింగులా అడ్డుపడుతుంది, మీ పలక వెనక ఆ అడ్డు లేదు. కోన్ హద్దు దాటి ఊగుతున్నంతసేపూ పాట కూడా కలుషితమవుతుంది. ఫోనో ప్రీఆంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (చెవికి వినపడనంత లోతైన కంపనాలను ఆపేది) మీట ఉంటే వేయండి. లేకపోతే ప్రీఆంప్లిఫయర్‌కూ పవర్ ఆంప్లిఫయర్‌కూ మధ్య 20 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టర్ చేర్చుకోండి. అది చేర్చేవరకు వంగిన రికార్డులను గట్టిగా వినకండి.