ప్లానింగ్ చదివిన అమ్మాయికి సస్టైనబిలిటీ ఎంఎస్ అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో బీ.ప్లాన్ (నగర ప్రణాళిక డిగ్రీ) చివరి సంవత్సరంలో ఉంది. నగరం లోపలి పాత స్థలాల్లో తిరిగి కడితే ట్రాఫిక్, గాలి ఎలా మారతాయో తెలుసుకోవాలని ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఎం.ప్లాన్ చేస్తానంటోంది. అమెరికాలో సస్టైనబిలిటీ (సుస్థిర అభివృద్ధి) ఎంఎస్ మేలని బంధువులు చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పోల్చి చెప్పమన్నారు గానీ, సాఫ్ట్‌వేర్‌లో చేరిన బంధువుల పిల్లల ముందు మీ అమ్మాయి తక్కువవుతుందేమోనన్నదే మీ అసలు బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తుంటాయి. ధైర్యంగా ఉండండి, ఆమె ఎంచుకున్నది గట్టి విద్యే.

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన అట్లాంటాలో గాలిలో ఓజోన్ కాలుష్యం పరిమితిని మించడంతో 1990ల చివర్లో చాలా కొత్త రోడ్లకు ఫెడరల్ నిధులు ఆగిపోయాయి. ఆ సమయంలోనే నగరం మధ్యనున్న 138 ఎకరాల ఉక్కు కర్మాగారం స్థలంలో ఇళ్లు, ఆఫీసులు కట్టడానికి హైవే మీద వంతెన అవసరమైంది, దానికీ ఆ ఆంక్షే అడ్డొచ్చింది. ఇవే భవనాలను శివార్లలో కడితే జనం కార్లలో ఎంత దూరం తిరుగుతారో, ఇక్కడ కడితే ఎంత తిరుగుతారో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) లెక్కగట్టించి, ఇక్కడే పొగ తక్కువని తేలాక ఆ పునర్నిర్మాణాన్నే కాలుష్య నియంత్రణ చర్యగా ఆమోదించింది. అయితే నగరం మొత్తంమీద పొగ తగ్గినంత మాత్రాన హైవే పక్క బాల్కనీలో నిలబడేవారికి మంచి గాలి దొరకదు. ఈ రెండు లెక్కలూ తెలిసినవారు మనకు తక్కువ. హైదరాబాద్‌లో 2006 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 86 భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపెట్టింది గానీ, ఆ రోడ్డులోకి బస్సు వస్తుందా అని అడగలేదు.

సస్టైనబిలిటీ ఎంఎస్ మీద నాకు అనుమానాలున్నాయి. ఆ పేరుతో కొన్నిచోట్ల నేర్పేది ప్రధానంగా కంపెనీల నివేదికలు రాయడమే. కూడలిలో వాహనాల లెక్కింపు, ఇంటింటి ప్రయాణ సర్వే, ట్రాఫిక్ మోడలింగ్, దాని నుంచి ఉద్గారాల అంచనా సిలబస్‌లో లేకపోతే, ఆమె అడుగుతున్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. సిలబస్ చదవకుండా అప్పుచేసి పంపాలనుకోవడం తొందరపాటు. మీ ఉత్తరంలో బంధువుల అభిప్రాయం ఉంది గానీ, అమ్మాయి చివరి ఏడాది ప్రాజెక్టు ఏ ఊరి గురించో లేదు. ఆ మాట ఆమెను ఎప్పుడైనా అడిగారా?

ఉద్యోగాల విషయానికొస్తే కన్సల్టెన్సీలు, మెట్రో సంస్థలు, పురపాలక టౌన్ ప్లానింగ్ విభాగాలు ఉన్నాయి. తొలి జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండకపోవచ్చు, ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. ఎం.ప్లాన్ చేసి, రెండేళ్లు ఇక్కడి రోడ్ల మీద పనిచేశాక కూడా విదేశీ చదువు కావాలనిపిస్తే, గాలి నాణ్యత మోడలింగ్ నేర్పే విభాగానికే అప్పుడు దరఖాస్తు చేయమనండి.