కొత్త బడ్డీ గేర్ గురించి ఎంతవరకు తెలుసుకోవాలి? నా అనుభవం

స్కూబా డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు ఈ మధ్యే అయిందని, ఇప్పుడు పడవ మీద ముక్కూమొహం తెలియని వాళ్ళని బడ్డీగా, అంటే నీళ్ళలో జతగా, ఇస్తున్నారని మీరు రాశారు. వాళ్ళ గేర్ (డైవింగ్ సామాను) గురించి గుచ్చి గుచ్చి అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. పైగా "అందరి గేరూ ఇంచుమించు ఒకటే కదా" అన్నారు. సరిగ్గా అదే నమ్మకంతో నేనూ ఒకసారి నీళ్ళలోకి దిగాను. అప్పటికి ఓ ఇరవై డైవులు చేసి ఉంటాను, అంటే అన్నీ వచ్చేశాయనుకునే దశ.

ఆ రోజు నాకు బడ్డీగా వచ్చినాయన వయసులో పెద్ద, నిదానం మనిషి, అంతా సొంత గేర్. నాది అద్దె గేర్. ఒకరినొకరు ఎగాదిగా చూసుకుని "ఓకేనా?", "ఓకే" అనుకున్నాం. దిగే ముందు ఒకరి గేర్ ఒకరు సరిచూసుకునే మా బడ్డీ చెక్ అంతటితో అయిపోయింది. పడవ అంచున కూర్చున్నాక సిబ్బందిలో ఒకతను నా వెనక్కి వచ్చి ట్యాంక్ వాల్వ్‌ని ఏదో తిప్పి వెళ్ళాడు. సరి చూస్తున్నాడులే అనుకున్నాను.

పది మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇరవై మీటర్ల దగ్గర మాత్రం ఊపిరి పీలుస్తుంటే గాలి బలవంతంగా లాక్కోవాల్సి వచ్చింది. ట్యాంక్‌లో గాలి పీడనం చూపే గేజ్ చూస్తే పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోతోంది, ఆపగానే మళ్ళీ లేస్తోంది. వాల్వ్ దాదాపు మూసి ఉందనడానికి అంతకంటే గుర్తు ఉండదు. పైన సరిపోయిన ఆ కాస్త సందు ఇరవై మీటర్ల దగ్గర సరిపోదు, అక్కడ పీడనం మూడింతలు కాబట్టి ఒక్కో ఊపిరికి మూడింతల గాలి కావాలి. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా చెప్తున్నాను. అప్పుడు నా బుర్రకెక్కింది "గాలి రావట్లేదు" అన్న ఒక్క ముక్కే.

గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఊపుతూ ఆయన దగ్గరికి వెళ్ళాను. కోర్సులో నేర్పినట్టు ఆయన ఛాతీకి కుడివైపు పసుపురంగు ఆక్టోపస్ (అవసరానికి ఉంచుకునే రెండో రెగ్యులేటర్) కోసం చెయ్యి చాచాను. అక్కడ ఏమీ లేదు. రెండోసారి తడిమాను, లేదు. ఈలోపు ఆయన తాను గాలి పీలుస్తున్న, నోట్లో ఉన్న రెగ్యులేటర్ తీసి నాకివ్వబోయాడు. నేనేం చేశానో తెలుసా, ఆ చేతిని వెనక్కి నెట్టాను! తనది ఊడదీసి ఇచ్చేస్తే ఈయనేం పీలుస్తాడు, ఇద్దరం పోతాం అనిపించింది. ఆయన ఇంకేం ఆలోచించకుండా దాన్ని నా నోటి దగ్గర పెట్టేసి, ఎడమ భుజం మీదుగా వచ్చే బీసీడీ (గాలి నింపి తేలే జాకెట్) గాలి గొట్టం, అంటే ఇన్‌ఫ్లేటర్‌ని తన నోట్లో పెట్టుకున్నాడు. ఆయనకి విడిగా ఆక్టోపస్ లేదు. ఇన్‌ఫ్లేటర్‌లోనే రెండో రెగ్యులేటర్ ఉండే రకం అది.

తర్వాత నా గేజ్ చూశాడు, నా వెనక్కి చెయ్యి పోనిచ్చి వాల్వ్ తిప్పాడు. ముల్లు కదలకుండా నిలబడింది. డైవ్ అక్కడితో ఆపేసి మెల్లగా పైకొచ్చాం. జాగ్రత్త కోసం ఐదు మీటర్ల దగ్గర ఆగిన ఆ మూడు నిమిషాలూ ఆయన చెయ్యి వదల్లేదు నేను.

పడవెక్కాక ఆయన కోప్పడలేదు. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు చెరి సగం" అని, అప్పుడు చూపించాడు తన సెటప్. దిగే ముందు ఒక్క నిమిషంలో తేలిపోయే పని.

అందుకే నా మాట ఏమిటంటే, బడ్డీ గేర్ చూడటం ఆయన్ని తనిఖీ చేయడం కాదు. ఆ గేర్‌లో సగం మీకోసం ఉన్నదే. ముందు తేల్చుకోవాల్సింది నాకు గాలి ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. మామూలు పద్ధతిలో గడ్డానికీ కింది పక్కటెముకలకీ మధ్య ఎక్కడో పసుపు ఆక్టోపస్ ఉంటుంది, మీరే అందుకోవచ్చు. కొందరు సుమారు రెండు మీటర్ల పొడవు గొట్టం వాడతారు. వాళ్ళు నోట్లోది మీకిచ్చి, మెడకు సాగే తాడుతో వేలాడే రెండోది తాము తీసుకుంటారు. ఆ రోజు నా బడ్డీ వాడినలాంటి ఇన్‌ఫ్లేటర్ రకం మూడోది. దాంతో ఇంకో తిరకాసు ఉంది: పీలుస్తున్నదే ఇన్‌ఫ్లేటర్ కాబట్టి, పైకెళ్ళేటప్పుడు దాన్ని ఎత్తి బీసీడీలో గాలి వదలడం కుదరదు. భుజం దగ్గరో వెనక కిందో ఉండే డంప్ వాల్వ్ తాడు లాగాలి. అది ఎక్కడుందో మీకూ తెలిసుండాలి. ఏ రకమైనా సరే, చూసి ఊరుకోకండి. పడవ మీదే ఒకసారి చేత్తో పట్టుకుని, తీసి, రెండు ఊపిర్లు పీల్చి చూడండి. భయంలో కళ్ళు పనిచేయవు, చేతికి అలవాటైనదే అందుతుంది.

వాల్వ్ సంగతి కూడా చెప్పేస్తాను. పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పే పాత అలవాటు ఇంకా చాలామందికి ఉంది. నాకు జరిగింది దాని తిరగేత: తెరిచి ఉన్నదాన్ని అతను మూసేసి, తెరిచాననుకుని పావు చుట్టు వెనక్కి తిప్పాడు. నేను పూర్తిగా తెరిచి వదిలేస్తాను. దిగే ముందు గేజ్ చూస్తూ మూడు నాలుగు సార్లు గట్టిగా పీలుస్తాను, బడ్డీ చేత కూడా పీల్పిస్తాను. ఆ తర్వాత నా వాల్వ్ మీద ఎవరైనా చెయ్యి వేస్తే మళ్ళీ మొదటినుంచీ చేస్తాను, వెనక వరుసలో వాళ్ళు విసుక్కున్నా సరే.

తర్వాత నీళ్ళలో మునగడానికి పెట్టుకునే బరువులు. ఒకసారి అలల్లో అలిసిపోయిన బడ్డీని నీటి పైన తేల్చి ఉంచాల్సి వచ్చింది. బరువులు వదిలేద్దామని బెల్ట్ బకిల్ కోసం నడుమంతా వెతికాను. తీరా చూస్తే బరువులు బీసీడీ జేబుల్లో ఉన్నాయి. పట్టుకుని లాగితే రాలేదు, ముందు క్లిప్ నొక్కి తర్వాత లాగే రకం. బెల్టా, జేబులా, లాగాలా, నొక్కాలా అన్నది అడగండి. అసలు వదిలేయడానికి వీల్లేని బరువులు పెట్టుకునేవాళ్ళూ ఉంటారు, అదీ తెలియాలి.

మిగతావి చకచకా అయిపోతాయి. మీ బడ్డీ గేజ్ బార్‌లోనా, పీఎస్ఐలోనా? రెండూ గాలి పీడనం కొలతలే, 70 బార్ అంటే సుమారు వెయ్యి పీఎస్ఐ, వేళ్ళతో చెప్పుకునే లెక్క ముందే కుదుర్చుకోండి. గొట్టం గేజ్ లేకుండా చేతి కంప్యూటర్‌లోనే ప్రెషర్ చూసేవాళ్ళుంటే ఏ అంకె చూడాలో చూపించమనండి. కొన్ని బీసీడీలకు ఇన్‌ఫ్లేటర్ గొట్టమే ఉండదు, ఎడమ నడుము దగ్గర మీట ఉంటుంది. కత్తి ఎక్కడ కట్టుకున్నారో కూడా ఒక చూపు చూడండి.

ఇక మొహమాటం మాటకొస్తే, నేను ఎదుటివాళ్ళని అడగడంతో మొదలుపెట్టను. "నా ఆక్టోపస్ ఇదండీ, బరువులు ఇలా వస్తాయి, ఒకసారి లాగి చూడండి" అని నాది చూపిస్తాను. అది అయ్యేసరికి తొంభై శాతం మంది వాళ్ళంతట వాళ్ళే తమది చూపించడం మొదలుపెడతారు. ఒకాయన మాత్రం "నేను వందల డైవులు చేశాను, అవసరం లేదు" అన్నాడు. మీకు అవసరం లేదండీ, గాలి అయిపోతే వెతుక్కోవాల్సింది నేను కదా అన్నాను. ఆయన నవ్వి చూపించాడు. ఆయన ఆక్టోపస్ క్లిప్ నుంచి ఊడిపోయి వీపు వెనక వేలాడుతోంది.